గ్లాసు మీద నురగ

బెంగళూరు,
ఆదివారం మధ్యాహ్నం

అమ్మకు, దేవుని కృప నీకు తోడుండాలని కోరుతూ నీ కొడుకు దానియేలు రాసుకుంటున్న ఉత్తరం. నేనిక్కడ బాగున్నాను. నీ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? ఆవు ఈనిందా? సుగుణక్కా, నీ పిల్లకు జలుబు తగ్గిందా? ఇది అమ్మకు చదివి వినిపించేది నువ్వే కాబట్టి, మధ్యలో ఏదీ దాటెయ్యకుండా చదువు.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. మన మదనపల్లె చల్లనిదని అనుకునేవాణ్ణి గానీ, ఇక్కడ పట్టపగలే స్వెట్టర్లు వేసుకుంటున్నారు. రాగిసంగటి దొరుకుతుంది, దాంట్లోకి నీ చేతి ఊరిబిండి పచ్చడి దొరకదు. వేళకు తింటున్నాను, బెంగపడకు.

అమ్మా, హోటల్లో పని అని చెప్పాను కదా. అది కాఫీ హోటలు కాదు, బీరు అమ్మే చోటు. పబ్బు అంటారు. సీసాల్లో కాదు, పీపాలోంచి కుళాయి తిప్పి గ్లాసుల్లో పోస్తారు. పోసేది నేనే. రెండు నెలలు నీ దగ్గర దాచాను, తప్పే. నేను ఒక్క చుక్క తాగలేదు, ఇది మాత్రం నమ్ము.

మొదటి వారంలోనే నవ్వులపాలయ్యాను. నీ వెంట మిషన్ ఆసుపత్రి క్వార్టర్సులో పాలు పోసిన చెయ్యి కదా ఇది! "నురగ పాలు గాదురా, నురగతో కొలిస్తే దొంగతనమే" అని నువ్వు నురగ ఊది మరీ కొలిచేదానివి. ఇక్కడా నేను నురగంతా స్పూనుతో తీసేసి, అంచుదాకా బీరు నింపి ఇచ్చాను. ఎంత న్యాయంగా పోస్తున్నానో అని నాలో నేనే మురిసిపోయాను. తాగినవాళ్లు మొహం చిట్లించి, చప్పగా ఉందని తిప్పి పంపారు. నాకు పని నేర్పే మునెప్పన్న పరుగెత్తుకొచ్చాడు. కుప్పం మనిషి.

"యాల నురగంతా తీసేస్తాండావప్పా?"

"నురగతో ఇస్తే మోసం గదన్నా. మాయమ్మ సెప్పింది."

ఆయన పడీపడీ నవ్వాడు. "పాలకు మీయమ్మ మాటే కరెక్టు. దీనికి నురగే మూతప్పా. తీసేస్తే గ్యాసంతా పోయి సప్పబడిపోతాది. రెండు వేళ్ల మందం ఉండాల. సూడు."

గ్లాసు చన్నీళ్లలో కడిగి, వంచి పట్టుకుని, కుళాయి పూర్తిగా తిప్పి, చివర్లో మెల్లగా నిలబెట్టాలి. ఇప్పుడు నాకు బాగా వచ్చేసింది. మధ్యాహ్నం జనం పలచబడ్డాక కిటికీలోంచి ఎండ పడితే గ్లాసు తేనె రంగులోకి వస్తుంది. అడుగు నుంచి బుడగలు తొందర లేకుండా లేస్తూనే ఉంటాయి. వాటినే చూస్తూ నిలబడితే ఎక్కడున్నానో మరిచిపోతాను. బయట ఆ ఎండలోనే వాన సన్నగా పడుతుంటుంది. ఒక్కోసారి కౌంటరు అవతల నువ్వే తపేలా పట్టుకుని నిలబడ్డట్టుంటుంది.

ఒకటో తేదీ నుంచి పర్మనెంటు చేస్తామన్నారు. "మాయమ్మను అడిగి సెప్తాను" అన్నాను. అందరూ నవ్వారు. మునెప్పన్న నవ్వలేదు. "అడుగప్పా, అడిగే సెప్పు" అన్నాడు.

నువ్వు వద్దంటే బస్సెక్కి వచ్చేస్తాను, మారు మాట్లాడను. కానీ జీతం కోసమని సరే అనొద్దు. ఈ పని నాకు ఇష్టం అమ్మా. ఇంత ఇష్టంగా నేను ఏ పనీ చెయ్యలేదు. ఈ మాట నీకు చెప్పడానికే ఎక్కువ భయపడ్డాను.

పాస్టరయ్యకు నా వందనాలు చెప్పు. వచ్చే ఆదివారం గుడి దగ్గర ఎవరో ఒకరు నీ కొడుకు ఏం పని చేస్తాండాడని అడుగుతారు. వాళ్లకు నువ్వేం చెబుతావో, నాకూ అదే రాయించు.

నీ దీవెన కోసం ఎదురుచూసే
నీ కొడుకు
దానియేలు