బదూర్ కుడిచేతి పట్టీ

కళావతక్కకు,

కువైట్‌లో ఫింటాస్ నుంచి నీ చెల్లెలు రాసేది. ప్రాణాలతోనే ఉన్నాను. ఈ ఉత్తరం తెచ్చే బాలసుబ్బయ్యన్న ఇండియాకని బయల్దేరే బస్సులో నాకూ సీటుంది. నేనే ఎక్కడం లేదు.

ఇరాక్ వాళ్లు రాకముందే నేను పనిచేసే ఇంటి యజమానురాలు మామా, ఆమె భర్త ఆపరేషన్‌కని లండన్ పోయి అక్కడే చిక్కుకున్నారు. ఇంట్లో వాళ్ల కూతురు బదూర్, నేను మాత్రమే. ఆ పిల్ల సాఫ్ట్‌బాల్ ఆడుతుంది. బంతి విసిరేటప్పుడు కుడి మోచెయ్యి పక్కకు పోకుండా ఒంటికి బిగించే పట్టీ ఉంది. చూడ్డానికి ఆస్పత్రి కట్టులాగే ఉంటుంది. రోజూ నేనే కట్టేదాన్ని.

మొన్న వీధి గోడ మీద 'కువైట్ మాది' అని రాసింది ఆ పిల్లే. అది రాసిన చెయ్యి ఎవరిదని సిపాయిలు ఇల్లిల్లూ వెతుకుతూ వస్తుంటే గబగబా పట్టీ కట్టి, "చెయ్యి విరిగి నెలయింది" అని నాకొచ్చిన అరబ్బీలో చెప్పాను. ఒకడు నమ్మలేదు. నవ్వుతూ ఖర్జూరం చాపాడు. పెద్దవాళ్లు ఏదిచ్చినా కుడిచేత్తోనే అందుకోవాలని మామా నేర్పింది. పిల్ల అలవాటుగా ఆ చెయ్యే ఎత్తబోయింది. పట్టీ ఎత్తనియ్యలేదు. ఎడమచేత్తో తీసుకుని, మన్నించమంది.

మళ్లీ వస్తానని చెప్పి పోయాడు.

"యల్లా పాపా, ఎక్కు! ఆ పిల్ల నీకేమైతాది?" అని బాలసుబ్బయ్యన్న కింద నుంచి అరుస్తున్నాడు. "నువ్వు పో, నేనే కట్టుకుంటాను" అని బదూర్ కూడా అంటోంది. పొద్దున కట్టుకుని చూపించమన్నాను. పళ్లతో లాగింది, గోడకు అదిమింది, ఏడ్చింది.

మా ఆయనతో సీటు దొరకలేదని చెప్పక్కా. అది ఒంటిచేత్తో కట్టుకోగలిగే పట్టీ కాదు.

నీ చెల్లెలు