మైకులో అన్న మాట

తమ్ముడు మనోహర్‌కు, అక్క దీవెనలు.

పేపర్లో వచ్చింది నమ్మొద్దు. మన ఊరి నారాయణను అవతలి పార్టీవాళ్లు చంపారని మీ బావ అననేలేదు. సర్పంచుగా సంతాప సభలో మైకు పట్టుకుని, "సంపింది మన పార్టీవాళ్లే. నా కండ్లతో సూసినా" అన్నాడు. విలేకరులు విని కూడా మరోలా రాశారు.

సోమవారం ప్రొద్దుటూరులో ప్రెస్‌మీట్ పెట్టి, పేపర్లో ఉన్నట్టే చెప్పమని పార్టీ నాయకుడు కబురు పంపాడు. "పోతా. సూసిందే సెప్తా" అంటున్నాడు మీ బావ. కాళ్లు పట్టుకున్నా వినలేదు. ఆ నోరు చూసే కదా ఆయన్ని ఇష్టపడి చేసుకున్నాను. తెల్లచొక్కా ఇస్త్రీ చేసి పెట్టాను.

మా సుందరిని ఈ ఉత్తరంతో నీ దగ్గరికి పంపిస్తున్నాను. అక్కడే బడిలో చేర్పించు. నన్ను రావద్దన్నాడు కాబట్టి, సోమవారం నువ్వు పోయి వెనక నిలబడి, ఆయన ఏమంటాడో విను. వాళ్ల నాన్న ఏమన్నాడో రేపు బిడ్డకు చెప్పడానికి ఒకరన్నా మిగలాలి.

మీ అక్క