నోరు తెరవని పిల్లలకు విటమిను

డిసెంబరు 3, 2006. ఆదివారం.
తెల్లవారుజామున కరెంటు పోయింది. మా హేచరీలో రొయ్య పిల్లలకు మేతగా వేసే ఆర్టీమియా పురుగుల గుడ్లు పొదిగే నీళ్ళు, ఇరవై తొమ్మిది డిగ్రీలుండాల్సినవి, ఇరవై ఐదుకి దిగాయి. హీటరు చూసే అప్పన్న అన్నయ్య మళ్ళీ వేడి ఎక్కిస్తూ... "సల్లబడిపోనాయి సెల్లీ. ఇయ్యాల ఆలీసంగా పొదుగుతాయి, ఆగు." ఆగితే అనకాపల్లి బస్సు పోతుంది, చర్చిలో ఆరాధన పోతుంది. వాటికి పోసే నూనె విటమిను, పొదగకముందే, గుడ్లున్న కోను ట్యాంకులో పోసేసి బస్సెక్కాను. పాటలన్నీ గొంతెత్తి పాడాను.

డిసెంబరు 4.
కోను నిండా నురగ. పైన నూనె తెట్టు. ఆర్టీమియా సగానికి సగం అడుగున... కదలడం లేదు. రొయ్య పిల్లలకు పొద్దుటి మేత లేదు. పక్క హేచరీలో ఒక బకెట్ ఆర్టీమియా అడిగి తెచ్చి గట్టెక్కించాం.
మేనేజరు గారు టెంపరేచర్ పుస్తకం తిరగేసి అన్నయ్య మీద పడ్డారు. "ఇరవై ఐదా? పడుకున్నావా ఏటి? రేపట్నుంచి రాకు." అన్నయ్య తువ్వాలు దులుపుకొని వెళ్ళిపోయాడు. నేను అక్కడే ఉన్నాను, వల కడుగుతూ.

డిసెంబరు 5.
అన్నయ్య చూసే హీటరు ఇవాళ నేనే చూశాను.

డిసెంబరు 6.
చలికే చచ్చాయా, నా వల్లా — తేల్చుకోవాలి. చిన్న బకెట్లో గుడ్లు వేసి నీళ్ళు ఇరవై ఐదులోనే ఉంచాను. విటమిను వెయ్యలేదు. చలికే చచ్చిపోతే బాగుణ్ణనిపించింది, దొంగ మొహాన్ని.

డిసెంబరు 8.
ఆలస్యంగానే... కానీ పొదిగాయి. లైటు పెడితే కారం చల్లినట్టు అన్నీ వెలుగు వైపే. పుట్టిన పూట వాటికి నోరు తెరుచుకోదు; అప్పుడు పోసిన నూనె అవి తాగలేవు, పైన తెట్టు కట్టి గాలి ఆడనివ్వదు. తెరుచుకునేదాకా ఆగి, అప్పుడు పోశాను విటమిను. హాయిగా ఈదుతున్నాయి.
ఈ సంగతి ట్రైనింగులో మొదటి రోజే రాసుకున్నాను. తెలిసి తెలిసి, బస్సు కోసం... చలి ఆలస్యం చేసింది, అంతే. ఊపిరాడకుండా చేసింది నేను.

డిసెంబరు 9.
చెప్పేశాను. మేనేజరు గారు బకెట్ చూశారు, నా మొహం చూశారు. "ముందే సెప్పుంటే ఆడికి ఇన్ని రోజులు పని పోయీది కాదు కదమ్మా." అన్నయ్య ఊరు నక్కపల్లికి కబురు పంపారు. మధ్యాహ్నానికి అన్నయ్య వచ్చేశాడు. గుండె మీద బరువు దిగిపోయింది. టీ గ్లాసు పట్టుకుని ఏడ్చాను.
"నాదే తప్పు అన్నయ్యా."
"ఆదివారం మద్దేనమే నురగ సూసేను సెల్లీ. తెట్టు తీసేను గానీ, అప్పటికే..."
"మరి మేనేజరు గారికి సెప్పలేదేటి?"
"నువ్వే సెప్తావు అనుకున్నాను."
థర్మామీటరు ముంచి చూసుకున్నాడు. ఇరవై తొమ్మిది.

డిసెంబరు 10. ఆదివారం.
ఇవాళ విటమిను పదింటికి పొయ్యాలి. బస్సు ఎనిమిదిన్నరకి. "ఎళ్ళు, నాను సూత్తాను" అంటున్నాడు అన్నయ్య. సీసా ఒళ్ళో పెట్టుకుని ఇది రాస్తున్నాను. మలుపు దగ్గర బస్సు హారను... పోనీ. పదింటిదాకా ఆగుతాను.