గంజికి రానివాళ్లు

మార్చి 4, 1946. కడప.

మద్రాసు నుంచి నా రీసెర్చ్ ప్రపోజల్ తిరిగి వచ్చింది. ఇరవైరెండు పేజీలు. ప్రొఫెసరు గారు మొదటి పేజీ పైన పెన్సిలుతో రెండు వాక్యాలు రాశారు. ఇది ప్రసంగంలా ఉందట. ఇందులో మీ ప్రశ్న ఏది, అని అడిగారు. మిగతా పేజీల మీద ఒక్క గీత కూడా లేదు.

నాలుగో పీరియడ్ సివిక్స్ చెబుతున్నంతసేపూ అదే ఆలోచన. డెబ్భై ఏళ్ల కిందటి ధాత కరువు దగ్గర మొదలుపెట్టి మొన్నటి నలభైమూడు కరువు దాకా అన్నీ రాశాను. ఎంత ఘోరమో రాశాను. ప్రశ్న మాత్రం అడగలేదు. అడగాలని నాకు తోచనే లేదు.

మార్చి 5

ప్రశ్న దొరకలేదు.

మార్చి 17, ఆదివారం

ఆయన నుంచి ఇంకో ఉత్తరం. ఈసారి కాస్త దయగా రాశారు. మీకు నిజంగా జవాబు తెలియని సంగతి ఒక్కటి, ఒక్క వాక్యంలో రాయండి, ప్రపోజల్ అంతా దాన్నుంచే వస్తుంది, అని.

చర్చి నుంచి వచ్చి కూర్చున్నాను. నాకు జవాబు తెలియనిది ఒకటుంది. నలభైమూడు వేసవిలో కోడుమూరులో గంజి కేంద్రం పెట్టారు. జనం సరిగ్గా రాలేదని రెండు నెలలకే మూసేశారు. రాలేదు కాబట్టి అంత ఆకలి లేదని రిపోర్టులో రాసుకున్నారు. ఆ కేంద్రానికి అర మైలు దూరంలో, అదే మే నెలలో, మా అక్క విశ్వాసమ్మ చనిపోయింది. జ్వరమని నాకు రాయించారు. అప్పుడు నేను మద్రాసులో ఎం.ఏ. పరీక్షలు రాస్తున్నాను. దాసన్న బావ యుద్ధం పనులకని లేబర్ కోర్‌లో చేరి అస్సాంలో ఉన్నాడు. నేను వెళ్లేసరికి పది రోజులైంది.

అమ్మా నాన్నా పోయాక నన్ను పెంచింది అక్కే. నాకంటే ఆరేళ్లే పెద్ద.

వాక్యం రాశాను: గంజి ఉన్న ఊళ్లో కొందరు గంజికి ఎందుకు రాలేదు?

ఏప్రిల్ 9

రెండో ప్రపోజల్ మీద ఆయన వ్యాఖ్య వచ్చింది. ప్రశ్న బాగుందన్నారు. నేను ఊహించి రాసిన కారణాలు మూడు: దూరం, కులం, ఊరికే తినడానికి సిగ్గు. దూరం సంగతి మ్యాపు చెబుతుంది, దానికి మీరెందుకు అన్నారు. తక్కిన రెండూ మీ కుర్చీలో కూర్చుని తేల్చుకున్నవేనా, ఎవరినైనా అడిగారా అన్నారు. సెలవుల్లో వెళ్లి ఇరవై ఇళ్లు చూసి రమ్మన్నారు. అడగండి, అడిగాక మాట్లాడకుండా కూర్చోండి, అని చివర రాశారు.

ఇంటింటా అడగాల్సిన ప్రశ్నల షెడ్యూల్ తయారుచేశాను. పదకొండు గడులు. చూస్తే ముచ్చటగా ఉంది.

మే 6. కోడుమూరు.

కర్నూలు నుంచి బొగ్గు గ్యాసుతో నడిచే బస్సులో వచ్చేసరికి మొహమంతా మసి. అక్క అత్తగారు జీవమ్మ ఇంట్లో దిగాను. ఇప్పుడామె ఒక్కతే ఉంటోంది. యుద్ధం అయిపోయినా బావ ఈ ఊరికి తిరిగి రాలేదు. ఆమె నన్ను చూసి, ఎంత చిక్కిపోయినావు పాపా, అంది.

ఎనిమిది ఇళ్లు తిరిగాను. ఎందుకు పోలేదంటే, పోలేదు అంతే, అంటారు. ఒకాయన నేనేదో పన్నుకోసం వచ్చాననుకున్నాడు. అప్పట్లో కేంద్రంలో గంజి పోసిన సోమన్న ఒక్కడే కాస్త వివరంగా చెప్పాడు. "ఆడనే తాగి పోవాల, చెంబులో ఇంటికి తీసకపోకూడదు అని రూలుండె అమ్మా. తీసకపోతే అమ్ముకుంటారంట. మేము పోసేవాళ్లమే గానీ రూలు మాది గాదు."

రాసుకున్నాను. రూలుకు గడి లేదు. మార్జిన్‌లో రాశాను.

మే 7

పన్నెండో ఇల్లు రామేశ్వరమ్మది. నేను ఒక్కొక్క ప్రశ్నా చదువుతుంటే జొన్నలు చెరుగుతూ విన్నది. ఎంత దూరం? ఎవరి పక్కన కూర్చోబెట్టారు? సిగ్గనిపించిందా? ఉన్నట్టుండి చేట కింద పెట్టి నవ్వింది.

"నీ కాగితంలో గుడ్డకు గడి ఉండాదా?"

లేదన్నాను.

"మా ఇంట్లో ముగ్గురం ఆడోళ్లం. ఒగటే కోక. కట్టుకున్నది పోతాది, తాగుతాది, వస్తాది. తక్కినోళ్లు గోనెపట్ట చుట్టుకొని తలుపు యెనక కూర్చుంటారు. ఎట్ల పోతారు బయటికి? నువ్వు పోతావా?"

యుద్ధం రోజులు. రేషను మీద ఇచ్చే కంట్రోలు గుడ్డ పట్నం దాటి రాలేదని అప్పట్లో పేపర్లో చదివాను. చదివి పక్కన పెట్టాను.

చేత్తో గీసి ఇంకో గడి కలిపాను. నిన్నటి ఎనిమిది ఇళ్లకూ, పొద్దుటి మూడింటికీ మళ్లీ వెళ్లాను. గుడ్డ మాట ఎత్తగానే ఆడవాళ్లు మగవాళ్లను బయటికి పొమ్మని తలుపు దగ్గరికి వేసి చెప్పారు. సాయంత్రానికి పంతొమ్మిది ఇళ్లు. తొమ్మిదింట్లో ఇదే కథ. ఇంటికి తెచ్చుకోనిచ్చి ఉంటే అందరూ తాగేవాళ్లు.

నాకు ప్రశ్న దొరికింది. దారిలో సంతోషమేసింది. ఆ మాట ఇక్కడ దాచకుండా రాస్తున్నాను.

మే 8

పొద్దున మజ్జిగ పోస్తూ జీవమ్మ అత్త, "అన్ని ఇండ్లకూ పోతివి. నా కాడ అడగవా పాపా?" అంది.

అడగకూడదనే అనుకున్నాను. కాగితం తీశాను. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"ఇంట్లో ఒగటే కోక ఉండె. నువ్వు ముసలిదానివి, నువ్వు పో అత్తా అని మీ అక్క నాకు కట్టె. అది తలుపేసుకొని ఉండె. వానొస్తే, దాసన్న దుడ్లు పంపితే ఇంగోటి తెచ్చుకుందాము అంటాండె. ఒకనాడు నేను కొంగు గంజిలో ముంచుకొని వస్తి, ఇంటికొచ్చి పిండి పోద్దామని. గేటు కాడ జూసిరి. ఆడనే పిండించిరి, మట్టిలో."

మజ్జిగ ముంత కింద పెట్టింది.

"ఆ తర్వాత గూడ నేను పోతి పాపా. తాగితి. నువ్వు తాగకుంటే నేనూ తాగను అని అనాల్సింది గదా? అనలేదు. ఆకలి. రాసుకో, జీవమ్మ తాగింది అని."

షెడ్యూల్‌లో లేని ప్రశ్న ఒకటి అడిగాను. నాకెందుకు రాయలేదు అక్క? హాస్టల్లో నా పెట్టెలో నాలుగు చీరలుండేవి.

"రాయమంటి. చెల్లెలు పరీచ్చలు రాస్తాండాది, ఇట్లాంటిది తెలిస్తే ఇడ్సిపెట్టి వస్తాది అనె. మేము బాగుండాము అని రాసి నాకు సదివి ఇనిపించె."

ఆ ఉత్తరం నాకు అందింది. చదివి, బాగున్నారనుకుని, పరీక్ష రాశాను. ఫస్ట్ క్లాసు వచ్చింది.

ఇంటి నంబరు 20. ఆడవాళ్లు ఇద్దరు. చీర ఒకటి. కేంద్రానికి వెళ్లినవారు ఒకరు. నా నోట్సులో అక్క చావుకు కారణంగా ఉన్న జ్వరం అన్న మాట కొట్టేశాను.

మే 10

ఏమీ రాయలేను.

మే 28. కడప.

మళ్లీ రాస్తున్నాను. ఘోరం, హృదయవిదారకం, అన్నీ తీసేశాను. ఇరవైరెండు పేజీలు ఆరయ్యాయి. ప్రశ్న ఇప్పుడిలా ఉంది: ఇంటికి తీసుకుపోనివ్వని సాయం ఇంట్లో ఎవరికి అందింది, ఎవరికి అందలేదు, అది ఎవరు నిర్ణయించారు?

ఆ చివరి మూడు మాటలు రాయడానికి మూడు రోజులు పట్టింది. మా ఇంట్లో నిర్ణయించింది అక్కే. గేటు దగ్గర నిలబడ్డవాళ్లు కూడా. ఆ రూలు రాసినవాళ్లు కూడా.

ఇరవయ్యో ఇంట్లో చనిపోయినామె నాకు ఏమవుతుందో రాయాలా వద్దా? రాయకపోతే మోసం. ఒక వాక్యం రాశాను.

జూన్ 3

పోస్టు చేశాను.

జులై 22

అంగీకరించారు. అక్టోబరు నుంచి చేరవచ్చు. హెడ్‌మిస్ట్రెస్ గారు అసెంబ్లీలో చెప్పి పిల్లల చేత చప్పట్లు కొట్టించారు.

ప్రొఫెసరు గారు ఒకే ఒక మార్పు అడిగారు. ఇరవయ్యో ఇంటిని శాంపిల్ నుంచి తీసెయ్యమన్నారు. అడిగినామె, జవాబిచ్చినామె బంధువులు కాబట్టి ఆ సాక్ష్యం నిలవదట. మీకు కష్టమని నాకు తెలుసు, అని కూడా రాశారు. ఆయన మాట సరైనదే. నా స్టూడెంట్ అయితే నేనూ అదే చెబుతాను.

తీసేశాను. పంతొమ్మిది ఇళ్లు.

ఆగస్టు 17. కోడుమూరు.

ఉత్తరంలో రాస్తే ఎవరిచేతనో చదివించుకోవాలని, నేనే చెప్పడానికి వచ్చాను. అత్తా, నువ్వు చెప్పింది పుస్తకంలోకి రాదు, తీసేయాల్సి వచ్చింది, అన్నాను.

ఆమె తల ఊపింది. "తీసెయ్యి పాపా. న్యాయమే. నేను తాగినాను గదా."

అది కాదు అత్తా, అన్నాను. బంధువులైతే ఒప్పుకోరని చెప్పాను. శాంపిల్ అంటే ఏమిటో చెప్పాను. రెండు సార్లు చెప్పాను. వింటూ నా చెయ్యి నిమిరింది, నన్నే ఓదార్చాలన్నట్టు. నేను చెప్పింది ఆమెకు ఎక్కలేదు. నాకంటే పెద్దవాళ్లెవరో విచారించి, తప్పు తేల్చి, తన పేరు కొట్టేశారనే అనుకుంటోంది.

ఆగస్టు 18

ఇవాళ ఏ ఇంటికీ పోలేదు. అత్త జొన్న సంగటి చేసింది. ముందు నువ్వు తిను అంది. ఇద్దరం ఒకే పళ్లెంలో తిన్నాం.