కౌంటీ మీటింగ్‌లో గెలిచాం

శాంటా క్లారా, అక్టోబరు 1984

అక్కా,

నేను కులాసా. ఇల్లు వదిలొచ్చిన పిల్లల మధ్య ఉద్యోగమని అమ్మ బెంగపడుతోందట, అక్కర్లేదని చెప్పు. ఆ పిల్లల కోసం గవర్నమెంటు గ్రాంటుతో మా కౌంటీ, అదే ఇక్కడి జిల్లా, ఒక హాస్టల్ సిద్ధం చేస్తే, "మా వీధిలో వద్దు" అని ఇరుగుపొరుగు అడ్డం పడ్డారు. మొన్న మీటింగ్‌లో నేను లేచి, పాత కార్లో పడుకుంటున్న పదహారేళ్ల ట్రేసీ సంగతి చెప్పాను. ఆ ఊపులో చైర్‌పర్సన్‌ని పట్టుకుని "ఆంటీ, మీరే చెప్పండి, ఈ పిల్ల ఎక్కడికి పోవాలి?" అనేశాను! హాలంతా గొల్లున నవ్వింది. ఆవిడ మాత్రం నవ్వలేదు. "ఆంటీ అన్నాక ఆడపిల్లని కార్లో ఎలా పడుకోనిస్తాను?" అంటూ ఓటుకి తనే ముందు చెయ్యెత్తింది. మిగతా చేతులూ లేచాయి. గెలిచామే!

నీ పాత నేతచీరలతో బొంతలు కుట్టించి, సరోజ వదిన వచ్చేటప్పుడు పంపు. హాస్టల్ దుప్పట్లు ఒట్టి గరుకు. చిన్నాడి దగ్గు తగ్గిందా? ఇంటికి సున్నం వేయించారా? ట్రేసీ ఇవాళే హాస్టల్‌కొచ్చి, కిటికీ పక్క మంచం తనదనేసింది. బావగారికి నమస్కారాలు. పిల్లలకి నావీ ట్రేసీవీ కలిపి ముద్దులు.

నీ ఇందు