రాణిగారి కుర్చీలో ఫోటో

మాంట్రియల్,
12 సెప్టెంబరు 2019.

అమ్మకు ప్రభువు పేరిట వందనాలు చెప్పి ఫేబీ రాస్తున్నది. ఇక్కడ నేనూ, నాతో గదిలో ఉండే ధరణీ కులాసాగా ఉన్నాము. అక్కడ నీ మోకాళ్లు, నాన్న షుగరు రెండూ మాట వింటున్నాయని తలుస్తాను. ఫోను ఉండగా ఉత్తరమేమిటని విసుక్కోకు. నువ్వు ఫోనెత్తగానే స్పీకరు పెడతావు. నేను హలో అనేలోపు నాన్న, పిన్ని, పక్కింటి సీతాదేవిగారు వరసగా పలకరిస్తారు. ఈ సంగతి ముందు నీకొక్కదానికే తెలియాలి. నెలాఖరు ఆదివారం స్త్రీల సమాజం వార్షికోత్సవంలో నువ్వు లేచి దేవుడు నాకు చేసిన మేలు గురించి సాక్ష్యం చెబుతానన్నావు. అంతకుముందే అందాలని, నర్సాపురం వస్తున్న డేవిడ్‌సన్ అంకుల్ చేతికి ఇచ్చి పంపుతున్నాను.

పోయిన వారం మన ఊరి నుంచి వస్తూ హోప్ తెచ్చిన నీ ఉత్తరం, గోంగూర పచ్చడి రెండూ అందాయి. ధరణి హైదరాబాదు పిల్ల, మన పచ్చడి జోలికి రాదనుకున్నాను. ఇప్పుడు సీసా నేనే దాచుకోవలసి వస్తోంది. నువ్వు అడిగినట్టే అన్నం వండుకుంటున్నాను. కాలేజీ మానలేదు, ఈ సెమిస్టరులో నాలుగు సబ్జెక్టులు. చర్చికి వెళ్తున్నాను. పాటలు ఫ్రెంచిలో ఉంటాయి, నేను మాత్రం లోలోపల తెలుగులోనే పాడుకుంటాను. చలి ఇంకా మొదలవలేదు, స్వెట్టరు పంపకు.

ఇక రైలు. దాని గురించి నువ్వు పేజీన్నర ప్రశ్నలు రాశావు. ఇది పైన తీగల నుంచి కరెంటు తీసుకుని నడిచే పాత బండి, అయిదే పెట్టెలు. టిక్కెట్టు కొని ఎక్కేది కాదు. పెళ్లికో, కంపెనీ విందుకో బండి మొత్తం మాట్లాడుకుంటారు. రాజవంశాల వాళ్లు ఈ దేశం వస్తే వాళ్లనీ ఇందులో తిప్పుతారు. గోడలకు నున్నటి చెక్క, బల్లబల్లకూ ఇత్తడి దీపం, కాలు పెడితే దిగిపోయే తివాచీ. ఆ ఇత్తడి తళతళలాడేది నా చేతుల వల్ల. నేను ఆ బండిలో ఆఫీసర్ని కాదమ్మా, క్లీనర్ని. వారానికి ఇరవై గంటలు తివాచీలు ఊడ్చాను, దీపాలు తోమాను, బాత్రూములు కడిగాను. నీతో రైల్లో ఉద్యోగం అని మాత్రమే అన్నాను. నువ్వు ఇంకేదో అనుకుంటున్నావని తెలిసీ ఊరుకున్నాను. ఊరుకోవడం నా తప్పు, ఒప్పుకుంటున్నాను. కడగడం మాత్రం తప్పు కాదు.

మరి నేను నీకు పంపిన ఆ కుర్చీ ఫోటో ఏమిటంటావు. ఫోటో నిజమే. రాచవాళ్లు ఎక్కే ముందురోజు ఖాళీ బండిని ఒకసారి నడిపి చూస్తారు. వచ్చే మనిషంత ఎత్తున్న వాళ్లెవరినైనా ఆ కుర్చీలో కూర్చోబెట్టి, కాళ్లకింద పీట అందుతోందా, దీపం కళ్లల్లో పడుతోందా, మలుపులో కప్పు జరుగుతోందా అని సరిచూసుకుంటారు. ఆగస్టు మొదట్లో యూరప్‌లోని ఒక చిన్న దేశపు రాణిగారు వచ్చారు. ఆవిడ నాలాగే పొట్టి. మా సూపర్‌వైజరు మదాం జినెట్ టేపుతో నన్ను కొలిచి, ఏప్రన్ విప్పించి, ఆ కుర్చీలో కూర్చోబెట్టింది. అరగంటసేపు నాకు టీలు పోశారు, మూడుసార్లు వీపువెనక దిండు మార్చారు. నవ్వు ఆపుకోలేక చచ్చాను. మా అమ్మకు పంపుకుంటానంటే జినెట్టే నా ఫోను తీసుకుని ఫోటో తీసింది. మర్నాడు రాణిగారు వచ్చే ముందు మమ్మల్ని వెనక తలుపులోంచి దించేశారు. ఆవిడ మొహం కూడా నేను చూడలేదు.

ఆ ఫోటో నువ్వూ నాన్నా చూసుకుంటారనుకున్నాను. నువ్వు మన చర్చి సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టి, కింద "రాజుల రైలులో ఆఫీసరుగా నియమింపబడిన మా ఫేబీ, దేవునికి స్తోత్రం" అని రాశావు. నూటపదిమంది ఆమెన్ అన్నారు. ఈ దేశంలోనే వాటర్లూలో ఉంటున్న పద్మిని ఆంటీ కూడా ఆ గ్రూపులో ఉంది కదా. ఆవిడ పొంగిపోయి మా కంపెనీ ఫేస్‌బుక్ పేజీకే వెళ్లి, మా ఊరి పిల్లను ఆఫీసరుగా తీసుకున్నందుకు వందనాలని రాసి ఫోటో పెట్టింది. నీ మీద కోపం రాలేదని రాస్తే అబద్ధమవుతుంది. రెండు రోజులు బాగా వచ్చింది. తర్వాత, బిడ్డ గురించి గొప్పగా చెప్పుకోవడానికి మా అమ్మకు సంఘం కాక ఇంకెవరున్నారులే అనిపించింది.

ఇన్నాళ్లూ ఫోనులో చెప్పకుండా దాచింది ఇప్పుడు రాస్తున్నాను. ఆ ఫోటో చూసి నన్ను ఆఫీసుకు పిలిచారు. రాణిగారి పెట్టెలో ఫోటోలు తీయకూడదట. నా ముందు ఒక కాగితం పెట్టారు. ఎవరూ లేనప్పుడు అనుమతి లేకుండా కుర్చీలో కూర్చున్నాననీ, దొంగచాటుగా ఫోటో తీసుకున్నాననీ అందులో ఉంది. సంతకం పెడితే హెచ్చరికతో పోతుంది, పెట్టకపోతే పని పోతుంది. జినెట్ అక్కడే కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తోంది. నేను ఆ కాగితం వాళ్లవైపే జరిపానమ్మా.

"నన్ను కొలిచింది మీరు, కూర్చోబెట్టింది మీరు, ఫోటో తీసింది మీరు. అది బయటికి వెళ్లింది మా ఇంటి నుంచే. ఆ మాట రాయండి, సంతకం పెడతాను. దొంగనని రాస్తే పెట్టను" అన్నాను.

వాళ్లు మార్చి రాయలేదు. నేను సంతకం పెట్టలేదు. ఏప్రన్ మడిచి బల్ల మీద ఉంచి వచ్చేశాను. ఇవాళ్టికి పద్దెనిమిది రోజులు.

నువ్వు కంగారుపడకు. నా చదువుకూ వీసాకూ దీనితో సంబంధం లేదు. మంగళవారం ఒక హోటల్లో క్లీనింగుకే అప్లై చేశాను. పాత పని ఎందుకు మానేశారని ఆ ఫారంలో ఒక గడి ఉంది. "కాంట్రాక్ట్ అయిపోయిందని రాసెయ్ ఫేబీ, ఎవ్వరు అడుగుతరు" అంది ధరణి. జరిగింది జరిగినట్టు రాశాను. గడి చాలక కాగితం వెనక్కి తిప్పాను. పిలుస్తారో లేదో తెలియదు. పిలవకపోతే ఇంకో చోట ఇదే రాస్తాను.

ఇక నీ సాక్ష్యం. పాస్టరుగారు అయిదు నిమిషాలు ఇచ్చారన్నావు, పట్టుచీర కూడా తీసి పెట్టుకున్నానన్నావు. ఒంట్లో బాగాలేదని సాకు చెప్పి మానకు. ఆ చీరే కట్టుకుని వెళ్లు. మా ఫేబీ రాజుల రైలు కడిగింది, దొంగనని ఒప్పుకోమంటే ఒప్పుకోక పని వదులుకుంది అని చెప్పు. వెనక వరసలో గుసగుసలాడేవాళ్లు ఆడుకుంటారు, ఆడుకోనీ. కానీ లేచి నిలబడ్డాక నీ నోటివెంట ఆఫీసరు అన్న మాట వచ్చిందంటే మాత్రం అమ్మా, నేను పెట్టని సంతకం నువ్వు పెట్టినట్టే.

ఇట్లు,
బళ్లు తోమే నీ కూతురు,
ఫేబీ.