ఒక్క పిలుపుకు పలుకకు

నాంపల్లి

ఎల్లేషూ, నేను మంచిగున్న. నీ పెండ్లానికి భయపడుకుంట నువ్వు గూడ మంచిగుండు. ఫోన్ల చెప్తే మీ చెల్లె జమున ఇంటదని కార్డు రాస్తున్న.

పోయిన మీ అమ్మ "ఏమయ్యో, తిన్నవా" అని నా చెవులల్ల పిలుస్తున్నదని చెప్పిన గదా. గన్‌ఫౌండ్రీల డాక్టరు నవ్విండు. చెవులు ఇనపడకుంటే మెదడు ఖాళీగుండలేక అదే చప్పుడు పుట్టిస్తదట. చెవి మిషన్ పెట్టుకోకుంటే మెల్లగ మతి గూడ పోతదట. నాకు మతి ఉన్నదని ఆయనకెవరు చెప్పిన్రో! పెట్టుకున్న. మొజంజాహీ మార్కెట్ల పావురాల రెక్కల చప్పుడు గూడ ఇనొచ్చింది. మీ అమ్మ పిలుసుడు బందయింది. దానికి గూడ డాక్టరంటే భయమే అనుకున్న.

నిన్న పొద్దుగాల జమున వంటింట్లకెళ్లి వచ్చి, "బాపూ, అచ్చం అమ్మ గొంతుతోని ఎవరో నన్ను పిలిచిన్రు" అన్నది. దాని చెవులు మంచిగనే ఉన్నయ్ గదరా. పోయినోళ్లు ఒక్కసారే పిలుస్తరు, మూడోసారి పిలిస్తెనే పలుకాలె అని మీకు చిన్నప్పటి సంది చెప్పిన.

"పలికినవా బిడ్డా?" అన్న.

"ఔ బాపూ, వస్తున్న అన్న."

బర్రె ఈనిందా? ఆదివారం మీ అమ్మకు బువ్వ, కల్లు పెట్టి, జమునను ఇడిసిపెట్టుమని మొక్కు. మనుమలకు నా దీవెనలు. నిన్ను గిన పిలిస్తే పలుకకు.

మీ బాపు